ఎండకు తేలిన మచ్చలు

ఆ సిరా పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నా మనసుకు కొంత తేలిక. ఇక ముందు ఎవరిని తిట్టినా, నన్ను నేను తప్పించి తిట్టానని అనడానికి ఉండదు.

అది అరవై రెండు ఫిబ్రవరి. కరీంనగర్ నుంచి సుల్తానాబాద్ పోయే బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. ఊళ్ళో సగం మగ్గాలు, సగం పొలాలు. మగ్గాల గల్లీలో పుట్టి చదువుకుని పంతులునైంది అప్పటికి నేనొక్కడినే. ఎన్నికల డ్యూటీ ఎలా పడిందో గానీ మా బడిలోనే పడింది. నా పని చిన్నది. వచ్చినవాళ్ళ ఎడమ చూపుడు వేలికి సిరా గీత పెట్టాలి. గీత బాగా దట్టంగా ఉండాలనీ, ఆరేదాకా మనిషిని గది దాటనివ్వకూడదనీ ముందు రోజే మాకు చెప్పి పంపారు. నేను శ్రద్ధగా విన్నాను. తల కూడా ఊపాను.

పొద్దున ఏడు కొట్టేసరికి మా గల్లీ మొత్తం వరసలో నిలబడి ఉంది. ఓటు మీద అంత ప్రేమేమిటని వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు మురిసిపోయాడు. ప్రేమ లేదని నేననను. కానీ తొందరకు కారణం వేరే ఉంది. చేనేత సంఘం వాళ్ళు ముందే చాటింపు వేయించారు. శనివారం బట్ట కరీంనగర్ డిపోకు పోవాలి, ఆలస్యమైతే వచ్చే నెల నూలు తగ్గుతుంది. అదే నోటితో, అందరూ తప్పక ఓటు వెయ్యాలని కూడా చాటించారు. బుధవారం ఓటు, శనివారం బట్ట. రెండూ సర్కారుకే కావాలి, రెండూ తొందరగానే కావాలి.

వరసలో మూడో మనిషి దేవవ్వ. మా బాపుకు చెల్లెలి వరస, నాకు అత్త. నేను పంతులునైనా, టోపీ పెట్టినా, ఆమెకు అల్లుణ్ణే.

"జల్ది పెట్టు అల్లుడా. పడుగు మగ్గం మీదనే ఉన్నది" అని వేలు చాపింది.

ఆమె తొందర నాకు తెలుసు. మా గల్లీలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, నూలుకు గంజి పెడతారు, అచ్చులో పోగులు తీస్తారు. మగ్గం గుంటలో మాత్రం కూర్చోరు, అది మగవాళ్ళ చోటు. ఆమె పెనిమిటి రాయమల్లుకు ఊపిరితిత్తులు చెడి, కాళ్ళతో తొక్కుడుచెక్క తొక్కే సత్తువ పోయింది. అప్పుడు దేవవ్వే గుంటలోకి దిగింది. గల్లీలో కొందరు నవ్వారు. మొదటిసారి నేసిన చీరకు అంచు వదులైందని సంఘం వాళ్ళు నాపసంద్ అని వాపసు చేశారు. ఏడాదిలో రెండుసార్లు బట్ట నాపసంద్ అయితే ఆ మగ్గానికి నూలు బందు. అది సంఘం కాయిదా. ఒకటి అయిపోయింది. రెండోది కాకూడదు. ఆ నెలంతా ఆ ఇంట్లో ఇంకో మాట లేదు.

నేను దట్టంగానే గీత పెట్టాను. గోరు సందులోకి కూడా సిరా దిగింది. వెనక నుంచి తోపులాట, ముందు కూర్చున్నవాడు ‘ముందుకు, ముందుకు’ అంటున్నాడు, నేనూ ‘ముందుకు’ అన్నాను. ఆరేదాకా ఆగమని ఒక్కరికీ చెప్పలేదు. ఆమె ఓటు వేసి, కొంగు బిగించుకుని, ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

నేతపని తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. మగ్గం మీద పోగు తెగితే నాలుకతో వేలు తడి చేసి, ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు మధ్య రెండు కొసలూ పెట్టి మెలిపెడతారు. ఇది ఆలోచించి చేసే పని కాదు, కంటిరెప్ప వేసినట్టు జరిగిపోతుంది. పైగా ఆ నెల సంఘం ఇచ్చిన నూలు నాసిరకం. జానెడుకో పోగు తెగింది. నూలు బాగా లేదని అడిగితే వచ్చింది ఇదే, ఇష్టముంటే తీసుకో అన్నారట. దేవవ్వ ఆ పొద్దు తెగిన ప్రతి పోగునూ నాలుక తడితో అతికించింది. నోరు చేదైందని రాయమల్లుతో అన్నదట. ఓటు చేదేమో అని ఆయన నవ్వాడట.

మగ్గం గదిలో ఎప్పుడూ చీకటే. ఆ సిరా నూలుకు అంటగానే అంతగా కనిపించదు, వెలుతురు తగిలిన కొద్దీ నల్లబడుతుంది. శనివారం పొద్దున మగ్గం నుంచి కోసి, మడత పెట్టేముందు ఎండలో పరిచేదాకా ఆమెకు ఏమీ తెలియదు. ఎర్రంచు తెల్లచీర. చూస్తుండగానే మూరెడు మేర ఆవగింజలంత మచ్చలు ఒక్కొక్కటే తేలాయి. సోడా పెట్టి రుద్దింది. నిమ్మకాయ రుద్దింది. దీపంలో పోసే గ్యాస్‌నూనె కూడా రాసింది. రుద్దిన కొద్దీ చుట్టూ నూలు మాసింది గానీ మచ్చ కదలలేదు.

గల్లీలో ఇంకా పది మగ్గాల మీద ఇదే కథ. అందరూ చీరలు చంకన పెట్టుకుని సంఘం ఆఫీసు వరండాలో కూర్చున్నారు. శనివారం బడి ఒంటిపూట కనుక నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను.

బట్ట చూసి తీసుకోవడానికి కరీంనగర్ నుంచి రావలసిన చేనేత ఆఫీసరు మధ్యాహ్నం దాకా రాలేదు. ఊరికే కూర్చుంటే సర్కారు గురించి మాట్లాడక ఏం చేస్తారు. సిద్దిరాములు తాత నిజాం రోజుల సంగతి ఎత్తాడు. అప్పుడూ నూలు కంట్రోలే, అప్పుడూ ఇట్లాగే కార్డు పట్టుకుని వరండాల్లో కూర్చున్నాం, అప్పుడు ఉర్దూల తిట్టేవాళ్ళు, ఇప్పుడు తెలుగుల తిడుతున్నరు, గంతే తేడా అన్నాడు. సర్కారు బేరం చెయ్యొద్దు, రాజ్యం చేసుకోవాలె, నూలు ఎవడైనా అమ్ముకోనియ్యాలె అనేది ఆయన వాదం. అంతయ్యకు అది నచ్చలేదు. అంతయ్య యూనియను మనిషి. సర్కారు పక్కకు జరిగితే షావుకారు నెత్తిన ఎక్కుతాడనీ, మిల్లువాళ్ళు అంచు చీరలు నెయ్యకుండా ఆపేది సర్కారు కాకపోతే ఇంకెవరనీ అడిగాడు. ఇద్దరూ గొంతులు పెంచారు. వరండా రెండు ముక్కలైంది.

దేవవ్వ ఏ ముక్కలోనూ చేరలేదు. చీర మడతను ఒళ్ళో పెట్టుకుని, మచ్చలున్న వైపు లోపలికి తిప్పుకుని కూర్చుంది. కాసేపటికి అన్నది:

"షావుకారైతే తప్పు నాదన్నా అంటడు, నీదన్నా అంటడు. సర్కారును అడిగితే ఎవల్దీ కాదంటది. గదే నాకు సమజ్ కాదు."

ఆఫీసరు వచ్చాడు. ఆయన మంచివాడు. అదే నా కోపం. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు, ఎవరినీ ఏకవచనంతో పిలవడు, ముసలివాళ్ళకు కుర్చీ వేయిస్తాడు. ఒక్కొక్క చీరే విప్పి, కిటికీ దగ్గర పెట్టి చూసి, నిజంగానే బాధపడుతూ ‘నాపసంద్’ అని రాశాడు. దేవవ్వ చీర వచ్చేసరికి పక్కన గుమస్తా ఆమెకు ఇది రెండోదని గుర్తు చేశాడు. ఆయన కలం ఆగింది.

ఇది నా తప్పు కాదు సారూ, మీరు పెట్టిన సిరానే అని ఆమె ఎడమ చేయి బల్ల మీద పెట్టింది. గోరు చుట్టూ నల్లగీత. దాని పక్కనే చీర మచ్చ. రంగు ఒక్కటే. వెనక నుంచి పదిమంది పది వేళ్ళు చాపారు.

"అమ్మా, ఆ సిరా ఎన్నికల శాఖది. మాది చేనేత శాఖ. రెండింటికీ సంబంధం లేదు" అన్నాడు ఆయన, నెమ్మదిగా, పిల్లకు చెప్పినట్టు.

"ఓటడిగేటప్పుడు ఒక్కటే సర్కారుంటిరి గద సారూ. బట్ట కొనేటప్పుడు రెండెట్లయిండ్రు?"

ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని ఒక దారి చెప్పాడు. సిరా ఆరకముందే ఓటర్లను పంపేశామని పోలింగు చేసినవాళ్ళెవరైనా రాసిస్తే, అది చూపించి పైకి రాసే వీలుంటుందన్నాడు. అందరూ నా వైపు చూశారు. దేవవ్వ మాత్రం చూడలేదు. నా నౌకరీ సంగతి ఆమెకు తెలుసు.

నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. నౌకరీ ఇంకా పక్కా కాలేదు. ఈ రెండు ముక్కలూ చెబుతున్నది నన్ను మెచ్చుకోమని కాదు, కాగితం అడిగి తీసుకునేందుకు నాకు ఎంతసేపు పట్టిందో దాచుకోవడం ఇష్టం లేక. గుమస్తా రెండు బీడీలు కాల్చేదాకా పట్టింది. చివరికి రాశాను. ఆ రోజు సిరా పెట్టింది నేనేననీ, ఆరేదాకా ఆపమన్న ఆదేశం నాకు తెలుసనీ, తొందరలో ఆపలేదనీ, ఈ మచ్చలు ఆ సిరావేననీ రాసి సంతకం చేశాను. దేవవ్వ అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపు కోసం ఇంకో పది సంతకాలైనా పెట్టేవాణ్ణి.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. నేనే చదివి వినిపించాలని దేవవ్వ ఆ కాగితం నా దగ్గరికి తెచ్చింది. ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివాను, నేను తప్పు చదివానేమోనని. బట్ట మీద మచ్చలకు కారణం సంఘం కాదని పంతులుగారి వాంగ్మూలంతోనే తేలిపోయింది కనుక, సంఘానికి బాధ్యత లేదు. చీర తీసుకునే వీలు లేదు. రెండోసారి నాపసంద్ అయినందున దేవవ్వ మగ్గానికి నూలు ఆపడమైనది. నష్టం సంగతి సంబంధిత శాఖనే అడుక్కోవచ్చు. నేను ఆమెను కాపాడతాననుకుని రాసిన ముక్కనే తాడు పేని ఆమె మెడకు వేశారు. నాకు వేరే కవరులో మెమో వచ్చింది, ఒక ఏడాది ఇంక్రిమెంటు కోత. సంబంధిత శాఖ ఏదో ఈ రోజుకీ నాకు తెలియదు. మూడు కచేరీలు తిరిగాను, ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ గది చూపించారు.

మిగతా పదిమందికీ అది మొదటి నాపసందే. వాళ్ళకు నూలు వచ్చింది. సర్కారు బేరం చెయ్యొద్దన్న సిద్దిరాములు తాతా, సర్కారు పక్కకు జరగొద్దన్న అంతయ్యా ఆ తర్వాతి సోమవారం ఒకే వరసలో కార్డులు పట్టుకుని నిలబడ్డారు. నాకు మండింది. దేవవ్వకు మండలేదు. వాళ్ళకూ పొయ్యి ఉన్నది గద అల్లుడా అని మాత్రం అన్నది.

ఆమె మగ్గం గుంట పూడ్చేశారు. పైన రాయమల్లు మంచం వేశారు. రెండేళ్ళు ఆ మంచం మీదే ఉండి ఆయన పోయాడు. దేవవ్వ బీడీలు చుట్టడం నేర్చుకుంది. ఆసిఫాబాద్ వైపు అడవుల నుంచి వచ్చే తునికాకును కత్తిరిస్తూ, నేత నేసిన వేళ్ళతోనే పొగాకు చుట్టింది. ఆ మచ్చల చీరను మాత్రం అమ్మలేదు, చింపలేదు.

అరవై ఏడులో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. నాకు ఇక ఆ డ్యూటీ రాదనుకున్నాను. మెమో ఇచ్చిన చేత్తోనే మళ్ళీ పిలుపు ఇచ్చారు. అదే బడి, అదే బల్ల, అదే సిరా సీసా. సర్కారుకు మనం చేసిన తప్పు కూడా గుర్తుండదు, కాగితానికి మాత్రమే గుర్తుంటుంది.

ఏడు గంటలకు వరసలో మొదటి మనిషి దేవవ్వ. ఎర్రంచు తెల్లచీర కట్టుకుని వచ్చింది. మచ్చలున్న మూరను కొంగుగా వేసి, అందరికీ కనపడేలా భుజం మీద పరుచుకుంది. వెలిసిన చీర మీద ఆ నలుపు ఒక్కటే వెలవలేదు. జన్మంతా పరాయివాళ్ళ బట్టకు కండెలు చుట్టి, గంజి పెట్టిన మనిషి తను నేసింది తను కట్టుకోవడం అదే మొదటిసారి.

వేలు చాపింది. నేను గీత పెట్టాను. పక్కనున్నవాడు ఓటు కాగితం అందించి ముందుకు నడవమన్నాడు. ఆమె కదలలేదు. వేలు పైకెత్తి, కిటికీ నుంచి వచ్చే వెలుతురులో పెట్టి నిలబడింది. వెనక అంతయ్య, ఆ వెనక సిద్దిరాములు తాత, ఆ వెనక గల్లీ మొత్తం. వరస బడి గేటు దాటి రోడ్డు మీదికి పెరిగింది. పెద్ద ఆఫీసరు లేచి వచ్చి, ఎందుకు ఆపుతున్నావమ్మా, ఎండ ముదురుతోంది, తొందరగా కానివ్వు అన్నాడు. ఆమె ఆయన వైపు తిరగకుండా, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"ఆరనియ్యున్రి సారూ. పోయినసారి జల్ది పడ్డం."

నేను సిరా సీసాకు మూత పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆమె వెనక అంతయ్య ఇంకా సిరా అంటని తన వేలు చాపి, తన వంతు కోసం ఓపిగ్గా నిలబడ్డాడు.