చదవడానికి మాత్రమే

జూలై చివర, కృష్ణా డెల్టా అంతటా నాట్లు జోరుమీదున్నాయి. పల్లె నర్సులకు అవి పాముకాట్ల రోజులు. ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఎన్ని సీసాలుందో చూపించే వెబ్‌సైటు ఒకదాన్ని ఓ ట్రస్టు నడుపుతోంది. నలభై రెండు ఆరోగ్య కేంద్రాల నర్సులు ఫోన్లో అది చూసుకునే రోగిని ఎటు పంపాలో తేల్చుకుంటారు. విజయవాడ గవర్నరుపేటలో, ఒక మేడ మీది చిన్న ఆఫీసులో కూర్చుని ఆ సైటు బాగోగులు చూసేది దీవెన.

ఆ ఉదయం మేనేజరు దుర్గాశంకర్ గారు చెప్పిన పని చిన్నదే. సైటుకు వచ్చేవాళ్లను సర్వర్లకు సమంగా పంచే లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగులు చూసి, పరీక్షలకు అలాంటిదే ఇంకోటి తయారుచేయాలి. క్లౌడ్‌లో ఏముండాలో ఫైల్లో రాస్తే టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేర్ అలాగే చేసిపెడుతుంది. ఉన్నదాన్ని ముట్టుకోకుండా వివరాలు చదివి చెప్పమన్నా చెబుతుంది. దీవెన ఫైల్లో లోడ్ బ్యాలెన్సర్ గురించి రాసున్న పాత ముక్క తీసేసి, చదవడానికి మాత్రమే పనికొచ్చే కొత్త ముక్క రాసింది. అక్కడే పొరపాటు పడింది. ముక్క పోయిందంటే ఆ వస్తువే అక్కర్లేదని టెర్రాఫామ్‌కు అర్థం. ఏమేం తీసేయబోతోందో అది తెర నిండా చెప్పింది కూడా. దీవెన పైపైన చూసి 'యెస్' కొట్టేసింది.

తెర మీద ఎర్రటి వాక్యం వచ్చింది. లోడ్ బ్యాలెన్సర్‌ను తొలగించడం కుదరదట, దానికి రక్షణ ఉందట. తొలగించడమేంటి? దీవెన పై వరసలు చదివింది. లోడ్ బ్యాలెన్సర్ మిగిలింది గానీ, వచ్చేవాళ్లను లోపలికి తీసుకునే లిజనర్లు రెండూ అప్పటికే పోయాయి. సైటు తెరిచి చూసింది. తెరుచుకోలేదు.

ఫోన్ మోగింది.

"దీవెన గారూ, పామర్రు నుంచి నర్సు తెరేసమ్మనండీ. సైటు రావట్లేదేంటండీ? నాట్లకొచ్చినామెని రక్తపింజర కరిచింది. కాలు వాచిపోతోంది. ఆటో ఎక్కించేశాం. బందరు పంపెయ్యమంటారా?"

సైటు పోయినా వెనక స్టాకు లెక్కలున్న డేటాబేస్ చెక్కుచెదరలేదని దీవెనకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. "ఒక్క నిమిషం లైన్లో ఉండండమ్మా," అంటూ నేరుగా అందులోకి వెళ్లింది. కంగారులో పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది.

"బందర్లో రెండే సీసాలున్నాయమ్మా. గుడివాడ పంపండి, అక్కడ ఇరవై ఆరున్నాయి."

"గుడివాడే పోనివ్వు బాబూ!" అని తెరేసమ్మ ఆటో అతనికి కేకేయడం వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేసింది.

పాత ఫైలును తిరిగి తెచ్చి, దీవెన మళ్లీ టెర్రాఫామ్‌ను అడిగింది. లిజనర్లు రెండూ చేరుస్తాను, ఏదీ తీసేయను అని అది చెప్పింది. అయినా 'యెస్' కొట్టడానికి చెయ్యి రాలేదు. పక్క గదిలోకి పరుగెత్తింది.

"సార్, సైటు నేనే పడగొట్టాను. మీరోసారి చూడండి."

దుర్గాశంకర్ గారు వచ్చి, ప్రతి వరసా వేలు పెట్టి చదివారు. "కొట్టమ్మా," అన్నారు.

సైటు తెరుచుకుంది. అప్పటికి పంతొమ్మిది నిమిషాలు గడిచాయి.

"పోనీలే, ఎవరికీ ఏం కాలేదుగా," అన్నారాయన.

"మనకేం తెలుసు సార్? పామర్రు నర్సు తెరేసమ్మ గారంటే ఫోన్ చేశారు. చెయ్యనివాళ్లో?"

ఆ పంతొమ్మిది నిమిషాల్లో ఎవరు ప్రయత్నించారో సర్వర్ల రికార్డుల్లో ఒక్క వరసా లేదు. లోపలికే రానివాళ్ల జాడ ఎక్కడా ఉండదు. దీవెన నర్సుల నంబర్ల జాబితా తీసి, మొదటి నంబరు నుంచి మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం మాటే మరిచిపోయింది. తెరేసమ్మ కాక ఇంకో ముగ్గురు ప్రయత్నించారు. ఇద్దరు అలవాటున్న ఆసుపత్రికే పంపారు, అక్కడ మందు దొరికింది. మూడో ఆమె స్టాకు లెక్క చూద్దామనుకుందంతే.

నాలుగింటికి తెరేసమ్మ ఫోన్ చేసింది. "మందెక్కించారండీ. ప్రాణానికేం భయంలేదన్నారు. ఇందాక ఏమైందండీ సైటుకి?"

"నా వల్లేనమ్మా," అంది దీవెన. "నేనే తప్పు చేశాను."

"ఈసారి అలా అయితే ముందు మాకు ఫోన్ చెయ్యమ్మా," అంది తెరేసమ్మ.