తగ్గుపాట

తెల్లవారేసరికి కూడలిలో కూలీలు పోగవుతారు. మేస్త్రీ లారీ ఆపి, "ఎంతకొస్తారు?" అంటాడు. వేలంలో పాట పెరుగుతుంది. ఇక్కడ తగ్గుతుంది. ఒకడు చెప్పినదానికి ఇంకొకడు తగ్గించి చెబుతాడు. అందరికన్నా తగ్గినవాడే లారీ ఎక్కుతాడు. చూస్తూ చూస్తూ ఊరు ఆకాశానికి ఎదిగింది. ఆ అంతస్తులకు తట్టలు మోసినవాళ్ల కూలి మాత్రం ఏటేటా కుంగుతూ వచ్చింది.

తట్టలు మోసే ఒకామెను అక్కడ అందరూ వదినా అనే పిలుస్తారు. నిజంగా ఆమె వదిన అయ్యేది మాత్రం పక్కన పార పట్టుకుని నిలబడ్డ మరిదికే. అతని భార్య ఇంట్లో పచ్చి బాలింత.

ఆ పొద్దున మేస్త్రీ మంచి హుషారుగా ఉన్నాడు. "ఇవాళ స్లాబు. అందరికీ పనుంది. కానీ నిన్నటి కూలి మర్చిపోండి. పక్క కూడలివాళ్లు సగానికే వస్తామంటున్నారు."

"మరి వాళ్లనే ఎక్కించుకుపోకపోయావా? మా దగ్గరికెందుకొచ్చావ్?" అంది వదిన.

అందరూ గొల్లున నవ్వారు. మేస్త్రీ మొహం మాడిపోయింది. "నీకు నోరెక్కువైంది."

"కూలి తక్కువైంది కదా, ఏదో ఒకటి ఎక్కువవ్వాలిగా!"

అంతలో మరిది చప్పుడు చెయ్యకుండా వెళ్లి లారీ ఎక్కేశాడు. వదిన లారీ దగ్గరికి నడిచింది.

"దిగరా."

"ఇంట్లో పరిస్థితి నీకు తెలీదా వదినా?"

"తెలుసు. పొయ్యి ముందు కూర్చునేది నేనేగా. ఇవాళ నువ్వు సగానికి ఎక్కితే రేపు ఇంకొకడు పావుకి ఎక్కుతాడు. అప్పుడు పొయ్యిలో ఏం పెడతావ్, నీ కాళ్లా?"

 అతను పార కింద పడేసి, తనూ దూకేశాడు.

మేస్త్రీ తిట్టుకుంటూ పక్క కూడలికి లారీ తిప్పాడు. "ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది" అని ఎవరో గొణిగారు. వదిన వినిపించుకోలేదు. కొంగు బిగించి, అందరినీ వెంటేసుకుని సందుల్లో పడి ఆ కూడలికే వెళ్లింది.

లారీ చుట్టూ మూగిన అక్కడివాళ్లు వీళ్లను చూడగానే మండిపడ్డారు. "సగానికి వస్తామని మా కడుపు కొట్టింది మీరేనా?"

"మీరే సగానికి వస్తామన్నారని మాకు చెప్పాడు!"

 రెండు కూడళ్ల జనమూ కలిసి మేస్త్రీ వైపు తిరిగారు. అతని ఫోను ఆగకుండా మోగుతోంది. స్లాబు కింద సెంట్రింగ్ చెక్కలు బిగించి ఉన్నాయి, కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేసింది, తట్ట అందుకునేవాళ్లే లేరు. స్లాబు మొదలెడితే మధ్యలో ఆపడానికి లేదు.

"సరే, నిన్నటి కూలే ఇస్తా. ఎక్కండి."

"నిన్నటిది నిన్నే అయిపోయింది," అంది వదిన. "దానిమీద ఇంకాస్త పెంచు. అందరికీ ఒకటే కూలి. ఆడామగా తేడా లేదు."

మేస్త్రీ పళ్లు నూరాడు. ఒప్పుకున్నాడు. ఆ రోజు తట్టలు చేతులు మారుతుంటే కొందరు పాట కూడా ఎత్తుకున్నారు.

మర్నాడు లారీ వచ్చింది. "ఆ నోరున్నామె తప్ప అందరూ ఎక్కండి."

కొందరు తల తిప్పుకుని ఎక్కారు. వదిన వాళ్లను ఒక్క మాట అనలేదు. మరిది మాత్రం కదల్లేదు. అతనితో పాటు ఇంకా చాలామంది కదల్లేదు.

"ఇవాళ పస్తే వదినా," అన్నాడు మరిది, లారీ వెళ్లిపోయాక.

"పస్తు మనకు కొత్తా ఏంటి? ఏరు అవతల ఇంకో కూడలుంది. వాళ్లకి మన గురించి మేస్త్రీ ఏం చెప్పి ఉంటాడో కనుక్కుందాం, పద."