ముసురులో నల్లరంగు

కృపాదానం మేస్త్రీ కారు చుట్టూ నాలుగోసారి తిరిగి, పందిరి చూరు కింద నుంచి ఆకాశం వైపు చూశాడు. ముసురు విడిచేలా లేదు. మూడు రోజులుగా బోగోలు ఊరి మీద సముద్రపు గాలి చన్నీళ్లు చిలకరిస్తూనే ఉంది. పెరట్లో ఆరేసిన పంచె మొన్నటి నుంచి అలాగే తడిగా వేలాడుతోంది.

అది పంతొమ్మిది వందల అరవై ఒకటి, డిసెంబరు నెల, ఆదివారం పొద్దున. కారు కావలి పద్మనాభయ్యది. ఆయనకు మూడు బస్సులున్నాయి. ఇంకో రెంటికి పర్మిట్లు అడుగుతున్నాడు. మంగళవారం నెల్లూరులో విచారణ. పెచ్చులూడిన బూడిదరంగు కారులో దిగితే అధికారుల ముందు పరువు పోతుందని, దాన్ని నల్లగా అద్దంలా చెయ్యమని కృపాదానానికి అప్పగించాడు. "కారు బాగుంటే కొత్త బస్సులు రెండిటి రంగుపనీ నీ చేతికే" అన్నాడు. బాగుండకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. భార్య చచ్చిపోయిన ఏడాది నెల్లూరు వర్కుషాపులో పని ఎగ్గొట్టి, ఆ పని పోగొట్టుకుని ఊరు చేరిన మనిషి కృపాదానం. మూడేళ్లుగా ఎడ్లబండ్లకీ కిటికీలకీ రంగులేసి బతుకుతున్నాడు. రంగు చిమ్మే గన్ను పట్టే పని మళ్లీ దొరికింది ఇదే. ఇది చెడితే ఇంక దొరకదు.

ఇంటి పక్కన తాటాకు పందిరి వేసి, నాలుగు వైపులా గోనెపట్టాలు కట్టాడు. కావలి నుంచి గన్నుకు గాలి కొట్టే యంత్రం బాడుగకు తెచ్చి బయట పెట్టాడు. శుక్రవారం ఒక పూత వేశాడు. శనివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు ఇంకోటి వేశాడు. రెండూ నిలిచాయి. మిగిలింది చివరి పూత.

కారుకు కాపలాగా పద్మనాభయ్య పంపిన డ్రైవరు చెంచయ్య అరుగు మీద కూర్చుని, వెలిగించని బీడీ నములుతున్నాడు. కృపాదానం అగ్గిపుల్ల గీయనివ్వలేదు. రంగు పల్చన చేసే ఈ తిన్నరు ఆవిరికి నిప్పు తగిలితే నువ్వూ నేనూ కారూ కలిసే పోతామని మొదటిరోజే చెప్పాడు.

చెంచయ్య లేచి వచ్చి కారు తలుపు మీద వేలు పెట్టి రాశాడు.

"ఏంది మేస్త్రీ, గరగరమంటా ఉండాది? మా అయ్య కళ్లతో చూడడు, వేళ్లతో చూస్తాడు."

కృపాదానం తడిమాడు. నిజమే. రెండో పూతలో దుమ్ము పడింది. గన్ను గాలి మట్టినేలకు తగిలినప్పుడల్లా పొడి లేచి తడిరంగుకు అంటుకుంది. దీన్ని ఉప్పుకాగితంతో తోమి నునుపు చెయ్యొచ్చు. చివరి పూతలో పడితే మాత్రం చేసేదేమీ లేదు.

"అక్కా!" అని కేకేశాడు.

ఎలిశబెతు చర్చికి పోవటానికి తెల్లచీర కట్టుకుని, చంకలో బైబిలుతో బయటికి వచ్చింది. అతనికన్నా ఏడేళ్లు పెద్ద. మొగుడు పోయి, పిల్లల్లేక, వెంకటాచలంలో మరిది ఇంట్లో గొడ్డుచాకిరీ చేస్తున్న మనిషిని, తన భార్య పోయినప్పుడు కృపాదానమే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు.

"పందిట్లో నేల అలికిపో."

"ఆదివారం పూట నువ్వు చర్చికి రానిది చాలక నన్ను కూడా ఆపతావా?"

"అలికిపో అంటున్నా."

"ఈ ముసురులో అలికితే ఆరేదెప్పుడురా? మూడు రోజులుగా నీ పంచే ఆరలా."

"రంగుపని నీకు తెలుసా, నాకు తెలుసా? నెల్లూరులో ఇరవై ఏళ్లు, నేల తడపకుండా గన్ను పట్టింది లేదు."

"నీకే తెలుసులే నాయనా. అందుకే గదా నెల్లూరు వాళ్లు నిన్ను నెత్తిన పెట్టుకున్నారు!"

చెంచయ్య పకపకా నవ్వాడు. కృపాదానానికి ఒళ్లు మండింది. "పేడ తీసుకురా" అని అరిచాడు. ఎలిశబెతు బైబిలు గూట్లో పెట్టి, కుచ్చెళ్లు ఎగదోపి, పేడనీళ్లు కలిపి పందిరంతా అలికింది. చేతులు కడుక్కుని, మళ్లీ బైబిలు తీసుకుని పోయింది.

నెల్లూరులో నేల తడిపిన మాట నిజమే. అక్కడ ఎండలు, సిమెంటు నేల. నీళ్లు చల్లిన పావుగంటకు దుమ్మూ లేచేది కాదు, తేమా మిగిలేది కాదు. ఆ సంగతి కృపాదానానికి తెలియనిది కాదు. దుమ్ము భయం ఒక్కటే తలలో ఉన్నప్పుడు రెండోది అందులో పట్టలేదు. అక్క చెప్పింది కాబట్టి అసలే పట్టలేదు.

కారంతా తోమి తుడిచేసరికి పదకొండయింది. ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని గన్ను పట్టాడు. బయట గాలియంత్రం దడదడమంటోంది. పైకప్పు, బానెట్టు, తలుపులు వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఒక్క నలుసు పడలేదు. నల్లరంగు నీళ్లలా మెరుస్తూ పరుచుకుంది. గన్ను దించిన తరవాత గానీ, పాదాలకు నేల ఇంకా చల్లగా తగులుతోందని అతను గమనించలేదు.

ముందు కుడివైపు తలుపు అడుగున కనిపించింది. అద్దం మీద ఊపిరి వదిలినట్టు తెల్లటి మసక, బొటనవేలంత. చూస్తుండగానే అరచెయ్యంత అయింది. తిన్నరు ఆరిపోతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఉంటే ఆ చల్లటి రేకు మీదికి దిగి, పచ్చిరంగులో చిక్కుకుని తెల్లబడుతుంది. నేల నుంచి లేచిన తేమ కాబట్టి కింది నుంచి పైకి పాకుతోంది.

చెంచయ్య పట్టా ఎత్తి తల లోపల పెట్టాడు. "ఇదేందన్నా, పాలు పోసినట్టుండాదే?"

"పట్టా దించు. నోరు మూసుకో."

గంటలో మసక కిటికీల దాకా ఎక్కింది. కారు బూజు పట్టిన తోలులా తయారైంది. కృపాదానం బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. ముట్టుకుంటే చెడుతుంది. ముట్టుకోకపోయినా చెడుతోంది.

ఎలిశబెతు చర్చి నుంచి వచ్చింది. వాకిట్లోనే చెంచయ్య చెప్పాడు, మేస్త్రీ రంగుకు తేమ పట్టిందని. తేమకు ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. ముసురు రోజుల్లో బాలింత గదిలో ఏం పెడతారో అదే. నిప్పు తగలగూడదని చెంచయ్యకు చెప్పిన మాట కృపాదానం ఆమెకు చెప్పలేదు. వంటింట్లోకి పోయి, కుంపటి నిండా బొగ్గులు పోసి ఎర్రగా రాజేసి, గుడ్డతో పట్టుకుని పందిరి దగ్గరికి తెచ్చింది. మోచేత్తో పట్టా తప్పించింది.

"లేరా కృపా. ఇది లోపల పెట్టుకో, ఇట్టే ఆరిపోద్ది."

పందిరంతా తిన్నరు ఆవిరి. మూత తీసిన తిన్నరు డబ్బా ఆమె కాలికి రెండు మూరల దూరంలో ఉంది. అరిస్తే ఉలిక్కిపడి కుంపటి వదిలేస్తుంది.

"అక్కా" అన్నాడు మెల్లగా. "అడుగు ముందుకెయ్యబాక. అట్లే వెనక్కి పో."

"నీకోసమే గదరా..."

"వెనక్కి పో."

ఆమె అర్థంకాక అక్కడే నిలబడింది. గాలికి పట్టా ఎగిరింది. బొగ్గుల మీద నుంచి ఒక రవ్వ లేచి, ఆమె భుజం దాకా వచ్చి ఆరిపోయింది. కృపాదానం రెండంగల్లో చేరి, కుంపటిని ఉత్తచేతులతో లాక్కుని వాకిట్లోకి విసిరాడు. ఒక బొగ్గు ఆమె పాదం మీద పడింది. ఎలిశబెతు "అబ్బా" అని కూలబడింది.

"ఇల్లు తగలబెడతావా ముసలిదానా!"

అంత అరిచినవాడు కాలిందా అని అడగలేదు. బొబ్బలెక్కుతున్న చేతులు పంచెకు తుడుచుకుని మళ్లీ పందిట్లోకి పోయాడు.

నాలుగింటికి పద్మనాభయ్య తన బస్సులోనే వచ్చి దిగాడు. ముందు వేలితో తడిమాడు. తరవాత నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

"నునుపుగానే ఉండాది. నేను నలుపు కదా అడిగింది, సున్నం కొట్టినావేంది మేస్త్రీ?"

"తేమ పట్టిందయ్యా. రేపు ఎండ పొడిస్తే ఉత్త తిన్నరు పల్చగా కొడతాను. పోతాది."

"తేమ మూడు రోజులుగా ఉండాదే. నిన్న పట్టనిది ఇయ్యాళ ఎందుకు పట్టింది?" ఆయన చెప్పుకాలితో నేల నొక్కాడు. "ఈ చిత్తడేంది?"

"మా అక్క అలికిందయ్యా."

చెంచయ్య తలెత్తాడు. పద్మనాభయ్య అది చూశాడు.

"నువ్వు ఇక్కడే ఉన్నావు గదరా చెంచయ్యా. ఎవరు అలకమన్నారు?"

చెంచయ్య మేస్త్రీ వైపు చూశాడు. నోరు తెరిచాడు. అంతలో గుమ్మంలో నుంచి ఎలిశబెతు అంది.

"నేనే అలికినా. ఎవరూ చెప్పలా."

ఆమె పాదానికి గుడ్డ కట్టుకుని ఉంది. పద్మనాభయ్య ఆమెను కాసేపు చూసి కృపాదానం వైపు తిరిగాడు.

"సరే. రేపు మధ్యాహ్నం దాకా గడువిస్తా. కారు నల్లబడితే బస్సులు నీకే. అయితే ఒక మాట. నా బస్సులు ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఈమె ఇక్కడ ఉండగూడదు. రెండు బస్సులకీ ఇట్లా జరిగితే నేను మునిగిపోతా. ఏమంటావు?"

నిజం చెప్పటానికి అప్పటికీ వేళ మించలేదు. నేనే అలకమన్నానయ్యా అంటే సరిపోయేది. చెబితే బస్సులు పోతాయి. కృపాదానం అక్క వైపు చూశాడు. ఆమె అతని ముఖంలోకే చూస్తోంది.

"అట్లేనయ్యా" అన్నాడు.

పద్మనాభయ్య బస్సెక్కి పోయాడు. ఎలిశబెతు కుంటుకుంటూ లోపలికి పోయి రెండు చీరలు, బైబిలు మూటకట్టింది.

"ఇప్పుడే పొమ్మన్నానా? బస్సులొచ్చేది ఫిబ్రవరికి."

"ఫిబ్రవరి దాకా నీకు నేనెందుకు వండాలిరా?"

"ఎక్కడికి పోతావు?"

"వెంకటాచలం. మరిది పెళ్లాం తిడతాది. తిడితే ఎదురుగా నిలబడి తిడతాది."

"నీ మీద వేసుకోమని నేను అడిగినానా?"

"అడగలా. నా మాట నువ్వు దిద్దుతావేమోనని చూసినా."

చెంచయ్య మూట అందుకుని, రోడ్డు దాకా తోడుపోయి బస్సెక్కించి వచ్చాడు.

సోమవారం తొమ్మిదింటికి మబ్బు విడి ఎండ పొడిచింది. కృపాదానం పట్టాలు విప్పి, నేల ఆరేదాకా ఆగి, గన్నులో ఉత్త తిన్నరు పోసి పల్చగా కొట్టాడు. చేతుల బొబ్బలు చిట్లాయి. మసక మెల్లగా కరిగింది. గంటలో కారు నల్లగా తేలింది. నలుసు లేదు, మచ్చ లేదు. నెల్లూరులో ఇరవై ఏళ్లలోనూ ఇంత బాగా కుదిరిన పని లేదు.

చెంచయ్య వేలు పెట్టి చూడలేదు. తాళంచెవి తీసుకుని వచ్చి తలుపు తెరిచాడు.

"ఎట్లుండాది?" అన్నాడు కృపాదానం.

"మా అయ్య ఒప్పుకుంటాడు."

"మీ అయ్య సంగతి కాదు. నీ మాట చెప్పు."

"నన్నెందుకు అడగతావు మేస్త్రీ? నిన్న మా అయ్య అడిగిన దానికే నోరు రాలా నాకు."

చెంచయ్య తలుపు వేసుకుని ఇంజను తిప్పాడు. కృపాదానం పక్కకు తప్పుకున్నాడు.