వాసన రాని స్టూలు

షెడ్డులో ఆయన్ని అందరూ ముక్కుమేస్త్రి అంటారు. పాత ప్లాస్టిక్కు కరిగించి స్టూళ్లు పోసే మిషను ఆయనది. దాని వేడి చూపించే మీటరు చచ్చి ఆరేళ్లయింది. బాగుచేయించమంటే యజమాని "నీ ముక్కు ఉందిగా" అని ఊరుకున్నాడు. కాస్త మాడువాసన తగలగానే సరుకు తయారైందని మేస్త్రి చెప్పేసేవాడు. ఆ స్టూళ్లు మాత్రం నాలుగు నెలలు తిరక్కుండా గుడ్డుపెంకుల్లా విరిగేవి.

ఆయన అక్క కూతురు ఈమధ్యే అక్కడ కెమిస్టుగా చేరింది. మళ్లీ కరిగించినా ప్లాస్టిక్కు సత్తువ పోకుండా, పెళుసెక్కకుండా కాపాడే తెల్లపొడి రెండు సంచులు తెప్పించింది.

"సాయంత్రం కొనేవాళ్లు వస్తారు. స్టూలు విరిగిందా, ఈ పొడీ వద్దు, ఈ పిల్లా వద్దు" అని యజమాని తేల్చేశాడు.

పొద్దున మేస్త్రి మొదటి సంచి కలిపాడు. గంటైనా వాసన లేదు. ఇంకా కరగలేదనుకుని వేడి పెంచాడు. మళ్లీ పెంచాడు. ఎట్టకేలకు మాడు తగిలాక తృప్తిగా పోశాడు. పచ్చకామెర్లు వచ్చినట్టున్న స్టూళ్లు దిగాయి. కాలు మోపితే పటుక్కుమన్నాయి.

మేనకోడలు విరిగిన ముక్క చేతిలోకి తీసుకుంది. "వేడి ఎంత పెట్టావు మామయ్యా?"

"వాసనొచ్చేదాకా."

"ఆ మాడటాన్ని ఆపడానికేగా పొడి వేసింది. వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మేస్త్రి అక్కడే కూలబడ్డాడు. ఇన్నేళ్లూ తయారైందనుకున్న క్షణం, అది పాడవడం మొదలైన క్షణమన్నమాట. అయిదో తరగతితో బడి మానేసినవాడికి ఈ ముక్క చెప్పడానికి ఒక్కడూ రాలేదు. తిట్టడానికి మాత్రం అందరూ వచ్చారు.

"నీ కొంప ముంచాను కదే తల్లీ."

"ఇంకో సంచి ఉందిగా. నా దగ్గర పుల్ల థర్మామీటరుంది, లే. ఆ ముక్కుని కాసేపు జేబులో పెట్టుకో."

"జేబులో పట్టదే."

"తెలుసు. నాకూ అదే ముక్కు వచ్చింది."

కరిగిన ముద్దలో పుల్ల గుచ్చి ఆమె అంకె చెబుతుంటే ఆయన మీట తిప్పాడు. "వాసన లేదే" అని మూడుసార్లు గొణిగాడు. "రాకూడదు" అని మూడుసార్లూ ఓపిగ్గా చెప్పింది.

సాయంత్రం కొనేవాళ్లు స్టూలును నేలకేసి కొట్టారు. విరగలేదు. యజమాని మొహంలో అనుమానం పోలేదు. "పొద్దున విరిగినవో?"

"అవి నా ముక్కు చేసినవి. ఇవి ఈ అమ్మాయి చేసినవి" అని మేస్త్రి తన క్వింటాలు ఒంటితో స్టూలెక్కి నిలబడ్డాడు. స్టూలు కాళ్లు కాస్త వంగాయి, అంతే.

"దిగు మామయ్యా."

ఆయన దిగలేదు. యజమాని మేనకోడలి వైపు తిరిగి, "సరేనమ్మా, ఇంకో పది సంచులు తెప్పించు" అన్నాడు.

"మీటరు కూడా" అంది పైనుంచి గొంతు.

"మీటరు కూడా."

అప్పుడు మేస్త్రి దిగి, స్టూలు పైకెత్తి వాసన చూశాడు. "ఏమీ లేదు" అన్నాడు గొప్పగా.