గట్టు ఎత్తు

మా ఇంట్లో మట్టి పొయ్యిని పగలగొట్టించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఊళ్ళో నేను చెప్పుకున్న మాట వేరు. "పొగకు పాపమ్మ కళ్ళు మండుతాండాయి, అందుకే మార్పించినా" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళుగా మండుతున్న నా పెళ్ళాం కళ్ళు అంతకుముందు నాకెప్పుడూ కనబడలేదు.

మాది పుంగనూరు. అమ్మానాన్నలు కూలికి పోయి నన్ను పదో తరగతి దాకా చదివించారు. మదనపల్లెలో ఒక ఆఫీసులో అటెండరుగా చేరి, నిరుడు జూనియర్ అసిస్టెంటునయ్యాను. మా పై అధికారి వసుధ మేడం ఒకరోజు నలుగురి ముందు, "దేవరాజులూ, ప్రమోషన్ భోజనం ఎప్పుడు పెడతావు? మీ ఇంటి రాగిసంగటి తినాలి" అంది. నవ్వుతూ తలూపాను గానీ, మసి పట్టిన గోడా, నేల మీద కూర్చుని పొయ్యి ఊదే నా పెళ్ళామూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఆ తరువాత ఫైలు ఇవ్వడానికి మేడం ఇంటికి వెళ్ళినప్పుడు వంటింట్లోకి తొంగిచూశాను. నిలబడి వంట చేసే నల్ల గ్రానైటు గట్టు, అద్దంలా మెరుస్తోంది. ఆమె లోపలికి పోయి సంతకం పెట్టి వచ్చేలోగా ఆ గట్టుకు ఆనుకుని నిలబడ్డాను. సరిగ్గా నా బెల్టు దగ్గరికి వచ్చింది. అదే కొలత మనసులో పెట్టుకుని బస్సెక్కాను.

పాపమ్మ తన తమ్ముడి బిడ్డకు పేరు పెడతారని గుడుపల్లెకు నాలుగు రోజులు పోయింది. అదే అదునుగా మేస్త్రీ హనుమంతును పిలిచాను. అతను పొయ్యి వైపు చూశాడు. శుక్రవారం అలికి పెట్టిన ముగ్గు ఇంకా చెరగలేదు.

"అక్క వచ్చినాక, ఆమె చేత్తో ఇన్ని పాలు పోయించి తీద్దామా సారూ?" అన్నాడు.

"పొద్దు పోతాండాది, కొట్టప్పా" అన్నాను.

గడ్డపార ఎత్తేముందు ఇంకో మాట అడిగాడు. "వంట జేసే మనిషి ఎంతెత్తు ఉంటాది? గట్టు ఆమె మోచేతికి జానెడు కిందుండల్ల."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా ఇంటికి కొలతలు నాకు తెలియవా? "అందరూ ఎంతుంటారో అంతే. ఇదో, నా బెల్టు కాడికి పెట్టు" అన్నాను. అతను గడ్డపార ఎత్తాడు. పొయ్యి మన్నంతా ట్రాక్టర్‌లో పోయింది; గ్రానైటు గట్టూ, దాని మీదికి గ్యాసు పొయ్యీ వచ్చాయి.

పాపమ్మ సంచీతోనే వంటింటి గడపలో నిలబడి చాలాసేపు చూసింది. పొయ్యి ఉన్న మూలను చూసింది. తరువాత దగ్గరికి వెళ్ళి గట్టు మీద చెయ్యి పెట్టింది. గట్టు ఆమె రొమ్ముల దగ్గరికి వచ్చింది. నేను చూశాను. చూసి కూడా, "ఎట్లుండాది?" అని అడిగాను.

"బాగుండాది మామా" అంది.

మర్నాటి నుంచి దేవుడి గూటి ముందుండే పీట వంటింట్లోకి వచ్చింది. దాని మీదెక్కి వంట చేసేది. సంగటి చేసే పూట ఇంకా తిప్పలు. పిండి పోసి ఉడికిన కుండను కిందికి దించి, పాదాలతో అదిమి పట్టి, కట్టెతో గెలకాలి. పాత పొయ్యి మీది నుంచి నేలకు జానెడు దూరం. ఇప్పుడు ఆ కుండను రొమ్ము ఎత్తు నుంచి దించుకోవాలి. ఎట్లా దించుతున్నావని నేను అడగనూ లేదు.

ఆదివారం మేడం వచ్చింది. నాటుకోడి పులుసు వాసన వీధిలోనే తగిలినట్టుంది, చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి నడిచింది.

"అరె, అచ్చం మా ఇంట్లో గట్టులాగే ఉందే!" అంది.

నా ఛాతీ ఉబ్బింది. అంతలో ఆమె చూపు కిందికి దిగింది. పాపమ్మ పీట మీద నిలబడి ఉంది, చిన్నపిల్ల అరలోని డబ్బా అందుకోవడానికి ఎక్కినట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం వెనక నుంచి పాపమ్మను కళ్ళతో గదమాయించాను. నా కళ్ళు ఏం చెప్పినా ఆమెకు రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు. పీట దిగి, దాన్ని కాలితో గట్టు కిందికి తోసేసింది.

సంగటి కుండ కుతకుత ఉడుకుతోంది. గుడ్డ పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి కుండ ఎత్తింది. కుండ ఒరిగింది. ఎడమచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా ఉడుకు సంగటి పడింది.

ఆమె అరవలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు ఉన్నారు గదా. మేడమే ఒక్క అంగలో వెళ్ళి, కుళాయి తిప్పి ఆ చేతిని నీళ్ళ కింద పట్టింది. నేను చేతిలో నీళ్ళ చెంబుతో అక్కడే నిలబడిపోయాను.

"పీట బాగానే ఉండింది కదమ్మా, ఎందుకు తోసేశావు?" అని మేడం అడిగింది.

పళ్ళు బిగబట్టి పాపమ్మ చెప్పింది. "నాకే మతి లేదు మేడం. కాలికి అడ్డమొస్తాందని తోసేసినా."

ఆ ఒక్క మాటతో నన్ను మా ఆఫీసులో తలెత్తుకు తిరిగేట్టు చేసింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో తలెత్తలేదు.

పాపమ్మ చేతి కట్టు ఇంకా విప్పకముందే హనుమంతును మళ్ళీ పిలిచాను. టేపు తీస్తూ మొదటిసారి అడిగిందే మళ్ళీ అడిగాడు. "ఎంతెత్తు ఉంటాది సారూ, అక్క?"

నా ప్యాంటు కొలత, బూటు కొలత, మేడం ఇంటి గట్టు కొలత అన్నీ చెప్పగలను. "నాకు తెలీదప్పా" అన్నాను.

పాపమ్మ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. "యాల మామా మళ్ళా పగలగొట్టేది? అంత రాయి వేసినావు. రెండు నెలలు పోతే నాకే అలవాటైపోతాది" అంది.

హనుమంతు ఆమె కుడి మోచేతి దగ్గర టేపు పట్టాడు. జానెడు కిందికి కొలిచి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. గట్టుకేసి చూసి, "పరవాలేదు, అనుకున్నంత దించే పన్లేదు" అంటూ కిందికి చూసి ఆగిపోయాడు. నేనూ చూశాను.

చీర అంచు కింద ఆమె మడమలు రెండూ నేల మీద లేవు. బిగుసుకుని సన్నగా వణుకుతున్నాయి. నేను వేయించిన రాయి పోకూడదని పైకి లేచి నిలబడింది.

"మడమలు దించక్కా" అన్నాడు హనుమంతు మెల్లగా.

"దించే ఉండాను" అంది.

"దించు పాపమ్మా" అన్నాను నేను.

ఆమె నా మాట వినలేదు. నా కళ్ళలోకి చూసింది. నోరు ఒకటి చెప్పి కళ్ళు ఇంకొకటి చెప్పే మనిషిని గదా, ఏది నిజమో చూసుకోవాలి ఆమెకు. ఆ చూపుకు నిలవలేక నా తల వాలిపోయింది.

అప్పుడు ఆమె మడమలు నేలకు ఆనాయి. హనుమంతు పాత గీతను బొటనవేలితో చెరిపేసి, మూడంగుళాల కింద ఇంకో గీత గీశాడు.