రెండు జెండాలూ పడిన ఆట

నేను ఒక చదరంగం గడియారాన్ని. పుణెలో ఓ చిన్న కార్ఖానాలో నన్ను చేశారు. ఒకే టేకు పెట్టెలో రెండు ముఖాలు, ఆటగాడికొకటి. ఎత్తు వేసి మీట నొక్కితే ఎదుటివాడి కాలం కరగడం మొదలవుతుంది. గడువు తీరితే చిన్న ఎర్రజెండా వాలుతుంది. అది చూసి ఎదుటివాడు "జెండా" అంటే చాలు, గెలుపు అతనిదే.

గుంతకల్లు క్లబ్బులో ఇరవై ఏళ్లున్నాను. ఓ ఏడాది పోటీలో చివరి ఆట రైలింజను డ్రైవరుగా రిటైరైన మస్తానయ్యకూ, టైలర్ హంపన్నకూ పడింది. పదకొండేళ్లలో హంపన్న అతని మీద ఒక్కసారీ గెలవలేదు.

మధ్యాహ్నం మూడు దాటింది. మస్తానయ్య గుర్రాన్ని పట్టుకోబోతే వేళ్లు జారాయి. మళ్లీ పట్టబోయాడు, మళ్లీ జారాయి. నోటి కుడి కొస కిందికి వంగింది. హంపన్న తలెత్తి చూశాడు. చూసి, బోర్డు మీదికి తల దించుకున్నాడు. మస్తానయ్యకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

"ఏమప్పా... ఎత్తు..." మస్తానయ్య మాట ముద్దగా వచ్చింది.

"నీదే. ఆలోచించుకో," అన్నాడు హంపన్న. అతని చూపు మనిషి మీద లేదు, నా మీదుంది.

ఆ ఆరు నిమిషాలూ కరిగి మస్తానయ్య జెండా వాలింది. అతను ఎడమచేత్తో గుర్రాన్ని ఎక్కడో పెట్టి, మీట నొక్కి, పక్కకు ఒరిగిపోయాడు.

హంపన్న నోరు తెరిచాడు. "జెండా" అనాల్సిన నోట "పట్టుకోండప్పా!" అని కేక వచ్చింది. అతణ్ణి ఎత్తుకుని ఆటో దాకా పరిగెత్తాడు. అందరూ వెంట పరిగెత్తారు. నన్ను ఆపినవాళ్లు లేరు. ఖాళీ కుర్చీల మధ్య హంపన్న జెండా కూడా పడింది. రెండూ పడితే ఆట డ్రా.

మస్తానయ్య బతికాడు. కుడిచెయ్యి, మాట మాత్రం తిరిగి రాలేదు. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదన్నాడట డాక్టరు. చేతికొచ్చిన గెలుపు వదిలి ప్రాణం నిలిపాడని క్లబ్బువాళ్లు హంపన్నకు శాలువా కప్పారు. అతను తల వంచుకున్నాడు. వినయమనుకున్నారు.

కొత్త గడియారాలు వచ్చాక హంపన్న క్లబ్బువాళ్లను అడిగి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. దారపు ఉండల సొరుగులో పెట్టాడు, కీ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే భార్య ఈరమ్మతో అన్నాడు: "ఆరు నిమిషాలు చూస్తా కూర్చున్న్యా."

ఇప్పుడు ప్రతి ఆదివారం మస్తానయ్యతో ఆడటానికి పోతాడు. తిరిగి రాగానే ఈరమ్మ అడుగుతుంది.

"ఈ పొద్దన్నా చెప్పినావా?"

హంపన్న చెప్పులు విడిచి, మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తాడు.