ముప్పావు అంగుళం టేపు

మార్తా గ్రిమ్‌షా గొంతు పాడుచేసింది నేను. ప్రొఫెసర్ కాదు, మిల్లు యజమాని కాదు. నేను.

బర్న్లీ మిల్లులో నాకు పదిహేనేళ్లప్పుడు మగ్గం నేర్పిన మనిషి ఆమె. "దారం తెగిందా, ముందు మగ్గం ఆపు పిల్లోడా. తర్వాత ఏడుద్దువు గాని." మొదటి పాఠం అదే. ఆ రొదలో చెవులు పనిచేయవు, పెదాలు చూసి మాట్లాడుకోవాలి. ఆ అలవాటు మార్తాను బజారులో కూడా వదల్లేదు. మాట మొదట్లో హల్లును పట్టి, కాసేపు నిలిపి, అప్పుడు వదిలేది.

సమ్మె చేయించానని మిల్లువాళ్లు నన్ను గెంటేశారు. రేడియోలు విప్పి నేర్చుకున్న పనితో మాంచెస్టర్ యూనివర్సిటీలో మాటల ధ్వనిని కొలిచే గదిలో చేరాను. "దొరల గొంతులేనా దాచేది? మావాళ్లవి అక్కర్లేదా?" అని ప్రొఫెసర్‌తో పోట్లాడి మార్తా మాటలు రికార్డు చేయించిందీ నేనే.

మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందనుకుంటారు జనం. ఉండదు. అంతా ఒకే ప్రవాహం. ఇంగ్లీషులో హల్లు ఎంతసేపు నిలిచిందన్నదే చెవికి మాటల మధ్య గట్టు చూపిస్తుంది. మాట మొదట్లో ఉంటే కాస్త సాగుతుంది, చివర ఉంటే చప్పున తెగుతుంది. అది రుజువు చేయాలంటే టేపులో హల్లు ఉన్నచోట కాస్త కోసేసి, దాన్ని కుదించి, గట్టు ఎక్కడుందని వినేవాళ్లను అడగాలి.

మా పనిలో నియమం ఒక్కటే. బ్లేడు నకలు మీదే పెట్టాలి, అసలు టేపు ముట్టకూడదు. కానీ నకలు తీస్తే బుసలాంటి చప్పుడు కలుస్తుంది, హల్లు అంచు మసకబారుతుంది. నియమాలు చేతకానివాళ్లకులే అనుకున్నాను. అసలు టేపే కోశాను. సెకనులో ఇరవయ్యో వంతుకు ముప్పావు అంగుళం. అలా నూట పన్నెండు ముక్కలు తీసేసి, మిగిలింది అతికించి, ముక్కలు ఊడ్చిపారేశాను.

ఆ చలికాలమే మార్తా పోయింది. నెల తిరక్కుండా ఆమె కూతురు డోరీన్ బస్సెక్కి వచ్చింది.

"ఏరా సెత్, తెల్లకోటేంట్రా? పళ్లు పీకేవాడివనుకుని పారిపోబోయాను!"

"కూర్చో డోరీన్. టీ తాగుతావా?"

"టీ మా ఇంట్లోనూ ఉంది. అమ్మ ఫోటోలూ ఉన్నాయి. గొంతే లేదు. ఒక్కసారి వినిపించు, పోతాను."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. యంత్రం తిప్పాను. మార్తా మాంసం, బంగాళాదుంపల కూర ఎలా వండాలో చెబుతోంది. డోరీన్ నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"ఎవరిది?"

"అమ్మే."

"అమ్మ ఎప్పుడైనా ఇలా కుక్కలు తరిమినట్టు మాట్లాడిందా? మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మిషను జోరుగా తిప్పుతున్నావు, సరిచెయ్యి."

"మిషను సరిగ్గానే ఉంది."

చేసిందంతా చెప్పాను.

"ఆ ముక్కలేవి?"

"ఊడ్చేశాను."

తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. టేపు తిరుగుతూనే ఉంది, మార్తా కాని మార్తా వాగుతూనే ఉంది. డోరీన్ నా ఎదురుగా వచ్చి నిలబడింది. చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. మొదటి హల్లు దగ్గర పెదాలు బిగించి, నిలిపి, అప్పుడు వదిలింది. అచ్చం వాళ్లమ్మలాగే.

మగ్గం ఆపు పిల్లోడా.

ఆపాను.